కాలనీ సంక్షేమ సంఘం వార్షిక నివేదిక: ఎండలు ముదరకముందే చేయవలసిన పనులు

సభ్యులందరికీ నమస్కారం.

గత ఉగాది నుంచి ఈ ఉగాది వరకు జరిగిన పనుల నివేదిక ఇది. వీధి దీపాలు, బోరు మరమ్మతు, నెలవారీ చందాల వివరాలు జమాఖర్చుల పట్టికలో ఉన్నాయి. ఇక్కడ ఎక్కువ చోటు తేనెటీగలకు, పాములకు, కోతులకు ఇస్తున్నాం. హైదరాబాద్ శివారులో చెరువు పక్కన ఇళ్లు కట్టుకున్న మనకు ఏడాదంతా ఎక్కువ భయం కలిగించినవి అవే.

పోయిన ఉగాది తర్వాత వారానికి, వేపలు పూతమీద ఉండగా, వాటర్ ట్యాంకు అడుగున పెద్ద తేనెటీగలు పట్టు పెట్టాయి. మేము తొందరపడి పట్టపగలు మందు కొట్టించాం. అది సంఘం చేసిన తప్పు. వాచ్‌మన్‌ను, పాలు వేసే అబ్బాయిని ఈగలు చుట్టుముట్టి కుట్టాయి. ఒక ఈగ కుట్టిన చోట వెలువడే వాసన మిగతావాటిని అక్కడికే రప్పిస్తుందని ఆ రోజు కళ్లారా చూశాం. ఇద్దరి వైద్యం ఖర్చు సంఘమే భరించింది, వారి ఇళ్లకు వెళ్లి క్షమాపణ కోరింది. పూతల కాలం ముగిశాక ఈ ఈగలు పట్టు వదిలి వలసపోతాయి, మళ్లీ ఏడు తరచూ అదే చోటికి వస్తాయి. అందుకే ఈసారి మాఘమాసంలోనే ట్యాంకు అడుగున మిగిలిన మైనాన్ని గీకించి సున్నం వేయించాం. పట్టు కనిపిస్తే దాని దగ్గరి బాల్కనీల్లో రాత్రి దీపాలు ఆర్పండి. వెలుతురుకు ఈగలు ఇంట్లోకి వస్తాయి.

పాముల విషయంలో మా అభిప్రాయం మారింది. పట్టించి పంపినంత మాత్రాన పని పూర్తి కాదు. పాము సొంతంగా కలుగు తవ్వుకోదు, ఎలుక తవ్విన కలుగులో దూరుతుంది. ఎలుకను పిలిచింది మూతలేని చెత్తడబ్బా. ఖాళీ స్థలాల్లో పిచ్చిమొక్కలు కొట్టించి, ప్రహరీ కలుగులను సిమెంటుతో పూడ్పించి, మురుగు తూములకు జాలీలు బిగించాం. అయినా కొన్ని ఇళ్ల వెనుక ఇటుకల కుప్పలు ఇంకా అలాగే ఉన్నాయి. దయచేసి తీయించండి. జెర్రిపోతు విషం లేనిది, ఎలుకలను తినేది; దాన్ని కొట్టి చంపవద్దు. కట్లపాము మాత్రం రాత్రిపూట తిరుగుతుంది, కాటు వేసినా నొప్పి అంతగా తెలియదు. ఉక్కకు నేలమీద పడుకునేవారు మంచం మీదికి మారండి, దోమతెర అంచులను పరుపు కిందికి దోపండి. కాటు పడితే కట్టు బిగించడం, కోయడం, నాటుమందు వేయడం వద్దు. కాలో చెయ్యో కదలకుండా ఉంచి 108కి ఫోను చేయండి.

కోతుల గురించి ఒక్క మాట. శనివారం గుడి దగ్గర అరటిపళ్లు పెట్టేవారి భక్తిని తప్పుపట్టడం లేదు. కానీ చేతినుంచి పండు అందుకున్న కోతి, మరునాడు పిల్లల చేతిలోని సంచి లాక్కుంటోంది. ఆ పళ్లను గుడిలో పంచండి. కరిచినా గీరినా గాయాన్ని పావుగంట సబ్బునీటితో కడిగి, రేబిస్ టీకాకు వెంటనే వెళ్లండి.

చెరువు వైపు గోడ వెంట మిగిలిన పొదల పని ఈ ఆదివారం ఉదయం ఏడు గంటలకు మొదలవుతుంది. పారలు, కొడవళ్లు సంఘం దగ్గర ఉన్నాయి. మందపాటి బూట్లు, చేతి తొడుగులు ఎవరివి వారు తెచ్చుకోవాలి. చిన్నపిల్లలను వెంట తీసుకురావద్దు.

కార్యదర్శి