బోర్డు ఎందుకు దించిననంటే

సోమవారం నుంచి దుకాణం ముంగట పచ్చ బోర్డు కనిపిస్తలేదని చానామంది అడుగుతున్నరు. గాలిదుమారానికి పడిపోలేదు, నేనే దించిన. "మా పెరుగు ప్రోబయోటిక్. షుగర్, బీపీ, గ్యాస్ అన్నిటికీ మందు" అని రెండేండ్ల కింద రాయించింది కూడా నేనే. పెయింటర్ "అన్నా, మోకాళ్ల నొప్పులు కూడా కలుపుదామా?" అని నవ్వులాటకు అంటే, జాగ ఉంటే కలపమన్న. కలిపిండు.

మొన్న ఆదివారం, సుబేదారి దిక్కు నుంచి రోజూ వచ్చే రిటైర్డ్ సారు వాళ్ల బిడ్డ వచ్చింది. లొల్లి పెట్టుకోవడానికి వచ్చిందనుకుంటే మెల్లగ చెప్పింది. "అన్నా, మా నాన్న నెల రోజులు షుగర్ గోలీలు బందు పెట్టిండు. ఎందుకని అడిగితే మీ బోర్డు మీద రాసిందని అంటున్నడు." షుగర్ మూడొందలు దాటిందట. డాక్టర్ కోపం చేసి గోలీలు మళ్ల మొదలుపెట్టించిండు, ఇప్పుడు తగ్గిందని చెప్పి, అర కిలో పెరుగు కట్టించుకొని పోయింది. ఆ అర కిలోకు పైసలు తీసుకునుడు నాతోని కాలేదు.

షుగర్ మాట నేను ఉట్టిగ పుట్టించింది కాదు. 2024 మార్చిల అమెరికాల తిండి, మందుల మీద నిఘా పెట్టే సర్కారు సంస్థ ఎఫ్‌డీఏ ఒక సంగతికి ఒప్పుకుంది. వారానికి కనీసం రెండు కప్పుల యోగర్ట్, అంటే ఫ్యాక్టరీ పెరుగు, తింటే టైప్ 2 షుగర్ వచ్చే ముప్పు తగ్గొచ్చని కంపెనీలు డబ్బాల మీద రాసుకోవచ్చు. కానీ దానికి ఆధారాలు కొన్నే ఉన్నయని కూడా దాంతోనే రాయాలె. ఇది షుగర్ లేనోళ్ల ముచ్చట. ఉన్నోళ్లకు గోలీల బదులు పెరుగు అని ఎవ్వరూ అనలేదు, నేను తప్ప.

ఇగ ప్రోబయోటిక్. ఐక్యరాజ్యసమితి ఆహార సంస్థ, ఆరోగ్య సంస్థ కూసొని 2001ల ఈ మాటకు అర్థం చెప్పినయి: ప్రాణంతో ఉన్న సూక్ష్మజీవులు సరిపడా లోపలికి పోయి మేలు చేయాలె. అంటే ఏ రకమో, ఎన్నో, ఏం మేలో తెలిసి ఉండాలె. ఫ్యాక్టరీ యోగర్ట్‌ల లాక్టోబాసిల్లస్ బల్గారికస్, స్ట్రెప్టోకాకస్ థర్మోఫిలస్ అని లెక్క తెలిసిన రెండు బ్యాక్టీరియా జాతులు కలుపుతరు. మాది నిన్నటి పెరుగుల చెంచెడు తీసి వేసే తోడు. అండ్ల బ్యాక్టీరియా ఉన్నది నిజం, లేకుంటే పాలు తోడుకోవు. ఏ జాతివో, ఎన్నో ఏ ల్యాబులా చూపియ్యలేదు. అందుకే ఆ మాట పోయింది.

ఖాయంగ చెప్పగలిగేది ఒకటుంది. పాలు తాగితే కడుపుబ్బేటోళ్లు చానామందికి పెరుగు పడతది. పాలల్ల ఉండే లాక్టోజ్ అనే చక్కెరను బ్యాక్టీరియా కొంత తిని పులుపు చేస్తది, మిగిలిన దాన్ని మన కడుపుల అరగడానికి కూడా సాయం చేస్తది. ప్రాణమున్న యోగర్ట్‌కు ఈ గుణం ఉందని ఐరోపా ఆహార భద్రత సంస్థ 2010ల ఒప్పుకుంది. పాల ఎలర్జీ ఉన్నోళ్లు మాత్రం ఇది చదివి ప్రయోగం చేయొద్దు, అది వేరే జబ్బు. మజ్జిగ పులుసు మరిగిస్తే బ్యాక్టీరియా సస్తది, కాల్షియం ఎటూ పోదు. గట్కల (జొన్న, మక్క రవ్వ సంకటిల) సల్ల పోసుకునేటోళ్లు గట్క సల్లారినంక పోసుకోండ్రి. బరువు తగ్గుతమా అని అడుగుతరు కొందరు. బర్రె పాల మీగడ పెరుగు, ఏమని చెప్పాలె!

మే నెల రెండో వారంల పెరుగు తీగలు సాగింది కదా, దాని సంగతి కూడా చెప్తా. అప్పుడు పాల మీదికి నెట్టిన, పాలాయన తప్పు లేదు. గిన్నెలు మరిగే నీళ్లతోని కడగలేదు, తోడు కూడా పాడైంది. పైగా చలికాలం లెక్కనే రాత్రంతా బయట ఉంచిన. ఆ ఎండలకు నాలుగు గంటలు సాలు. పాత తోడు పారబోసి పరకాలల మా అమ్మ ఇంట్ల నుంచి కొత్తది తెచ్చిన. ఇప్పుడు తెల్లారుగట్ల మూడింటికి తోడేసి ఏడింటికి ఫ్రిజ్‌ల పెడుతున్న. ఆ వారంల కొని పారబోసుకున్నోళ్లు చెప్పండ్రి, రశీదు అడగను.

ఒకటో తారీఖు నుంచి అర కిలో 50 కాదు, 55. పాల ధర పెరిగింది, అంతే.

కొత్త బోర్డు మీద "బర్రె పాల పెరుగు, ఈ రోజు తోడేసింది" అని మాత్రమే ఉంటది. ఇంట్ల తోడేసుకుంటమనేటోళ్లకు ఒక చెంచెడు ఉట్టిగనే ఇస్త, గిన్నె మీరే తెచ్చుకోండ్రి.