బడికి ఎన్ని అడుగుల దూరం?

సంపాదకులకు నమస్కారం.

అమెరికాలో ఉన్నట్టే మన దగ్గరా ఒక చట్టం రావాలని మీ పాఠకులొకరు ఈమధ్య ఈ శీర్షికలో రాశారు. పిల్లల మీద లైంగిక నేరాలు చేసి శిక్ష పడ్డవాళ్లను బడికి అర మైలు దూరంలో కూడా కాపురం ఉండనివ్వకూడదన్నది ఆయన వాదన. ఆయన కోపం నాకు పూర్తిగా అర్థమైంది. నేను 33 ఏళ్లు జిల్లా పరిషత్ హైస్కూళ్లలో లెక్కలు చెప్పి రిటైరైన టీచర్ని. ప్రస్తుతం ఫ్లోరిడాలో, టాంపా దగ్గర మా అమ్మాయి ఇంట్లో ఉంటున్నాను. ఆయన కోరుతున్న చట్టం ఇక్కడ ఏళ్ల తరబడి అమల్లో ఉంది. దాన్ని దగ్గర నుంచి చూశాక చెప్పాల్సింది చాలా ఉందనిపించింది.

పోయిన ఏడాది మా వాళ్లు ఇల్లు వెతుక్కున్నారు. ఒక ఇల్లు మా అమ్మాయికి బాగా నచ్చింది. తూర్పు వాకిలి, వెనక నాలుగు కూరగాయ మొక్కలు పెట్టుకునే జాగా, మనవరాలి స్కూలు నడిచి వెళ్లే దూరం. ఆ రాత్రి భోజనాల దగ్గర మా అల్లుడు లాప్‌టాప్‌లో, శిక్ష పడ్డ లైంగిక నేరస్థుల వివరాలుండే ఇక్కడి ప్రభుత్వ వెబ్‌సైట్ తెరిచి ఆ ఇంటి చిరునామా కొట్టాడు. మ్యాప్ మీద చుక్కలు వచ్చాయి. ఒక్కో చుక్క నొక్కితే ఒక్కో ఫొటో, పేరు, ఇంటి నంబరు, చేసిన నేరం. మైలు లోపల నాలుగున్నాయి. పక్కనే పెరుగన్నం తింటున్న ఎనిమిదేళ్ల పిల్ల "ఎవరు తాతా వీళ్లు?" అని మా ఆయన్ని అడిగింది. మా అమ్మాయి టక్కున లాప్‌టాప్ మూసేసింది. "అమ్మా, నాకు టెన్షన్‌గా ఉంది, ఆ ఇల్లు వద్దు" అంది. ఆ తర్వాత చూసిన రెండిళ్ల చుట్టూ కూడా చుక్కలే. చివరికి చుక్కలు కాస్త దూరంగా ఉన్నచోట కొన్నారు. ఇప్పటికీ వాళ్లిద్దరూ నెలకోసారి ఆ మ్యాప్ తెరిచి చూస్తూనే ఉంటారు.

తల్లిదండ్రుల భయాన్ని నేను తక్కువ చేయను. ఈ చట్టాల వెనక నిజమైన పిల్లలున్నారు. 1994లో న్యూజెర్సీలో మేగన్ కాంకా అనే ఏడేళ్ల పాపను ఎదురింటివాడే చంపేశాడు. అతనికి అంతకుముందే శిక్షలు పడ్డ సంగతి ఆ తల్లిదండ్రులకు తెలియదు. ఇలాంటి నేరస్థుల వివరాలు జనానికి తెలియాలన్న చట్టం ఆ పాప పేరు మీదే వచ్చింది. 2005లో హోమోసాసాలో, అంటే మేముండే చోటికి గంట పైచిలుకు ప్రయాణంలో, జెస్సికా లన్స్‌ఫర్డ్ అనే తొమ్మిదేళ్ల పిల్లను ఇంట్లోంచి ఎత్తుకెళ్లి చంపారు. చంపినవాడి పేరు అప్పటికే లైంగిక నేరస్థుల జాబితాలో ఉంది. కానీ అందులో రాసిన చిరునామాలో అతను లేడు. ఆ పిల్ల ఇంటికి కూతవేటు దూరంలో బంధువుల ట్రైలర్‌లో (చక్రాల మీది ఇంట్లో) ఉన్నాడు. ఆ తర్వాత రాష్ట్రాలు వరసబెట్టి చట్టాలు బిగించాయి. కాలిఫోర్నియాలో 2006లో జనమే ఓట్లు వేసి, బడికీ పార్కుకూ 2,000 అడుగుల లోపు వీళ్లు ఉండకూడదని తీర్మానించారు.

ఫ్లోరిడా రాష్ట్ర చట్టంలో ఆ హద్దు 1,000 అడుగులు. 16 ఏళ్ల లోపు పిల్లల మీద లైంగిక నేరాలు చేసినవాళ్లు బడికి, పసిపిల్లల కేర్ సెంటర్‌కి, పార్కుకి, ఆటస్థలానికి అంత దూరం లోపల కాపురం ఉండకూడదు. మయామీ-డేడ్ కౌంటీ (మన జిల్లా లాంటిది) 2005లో బడి చుట్టూ హద్దును 2,500 అడుగులు చేసింది. లెక్కల టీచర్ని కదా, కాగితం తీసుకుని వేశాను. 1,000 అడుగుల వ్యాసార్ధంతో వృత్తం గీస్తే లోపల పడే నేల 72 ఎకరాలు. 2,500 అడుగులతో గీస్తే 451 ఎకరాలు. ఒక్క బడికే అంత. ఊళ్లో ఉన్న బడులన్నిటికీ గీసి చూడండి, అద్దెకు దొరికే గది ఇంకెక్కడ మిగులుతుంది?

మయామీలో మిగిలింది ఒక వంతెన కింద. మయామీకీ మయామీ బీచ్‌కీ మధ్య సముద్రపు పాయ మీద జూలియా టటిల్ కాజ్‌వే అనే రోడ్డు వంతెన ఉంది. 2006 నుంచి 2010 దాకా, జైలు నుంచి వచ్చిన ఇలాంటివాళ్లు దాని కింద గుడారాలు వేసుకుని బతికారు. కాలికి కట్టిన జీపీఎస్ పట్టీలను చార్జ్ చేసుకోవడానికి అక్కడ జనరేటర్ నడిపేవాళ్లట. పట్టీ చార్జింగ్ అయిపోతే మళ్లీ జైలే. అధికారులు రాత్రిపూట వచ్చి, మనిషి వంతెన కింద ఉన్నాడో లేడో చూసుకుని వెళ్లేవారు. 2010లో ఖాళీ చేయించారు. కొన్నాళ్లకు హయలియా దగ్గర రైలు పట్టాల పక్కన ఇంకో గుంపు తయారైంది. 2018లో దాన్నీ చెదరగొట్టారు.

వాళ్ల మీద జాలితో రాస్తున్నానని ఎవరైనా అనుకుంటే అనుకోనివ్వండి. శిక్ష అనుభవించి వచ్చిన మనిషికి తల దాచుకునే చోటు లేకుండా చేయడం నాకు న్యాయంగా కనిపించదు, ఆ మాట దాచను. కానీ నాకు అంతకన్నా పెద్ద బాధ పిల్లల గురించే. ఇల్లూ ఉద్యోగమూ లేనివాడి మీద పోలీసులు కన్నేసి ఉంచడం కష్టం. కాలిఫోర్నియాలో జైలు నుంచి వచ్చి పెరోల్ నిఘాలో ఉన్న ఇలాంటివాళ్లలో నిలువ నీడ లేనివాళ్లు 2007లో 88 మంది. 2010 నాటికి దాదాపు 2,000 మంది. అందరికీ ఒకే హద్దు గుడ్డిగా వర్తింపజేయడం శాన్ డియేగో కౌంటీలో రాజ్యాంగ విరుద్ధమని ఆ రాష్ట్ర సుప్రీంకోర్టు 2015లో తీర్పు ఇచ్చింది.

అసలు ఈ హద్దు వల్ల ఒక్క నేరమైనా ఆగుతుందా? మిన్నెసోటా జైళ్ల శాఖ 2007లో ఈ లెక్క తేల్చింది. 1990 నుంచి 2002 దాకా విడుదలైన 3,166 మంది లైంగిక నేరస్థుల్లో 224 మంది మళ్లీ అలాంటి నేరమే చేసి 2005 చివరికల్లా జైలుకు వచ్చారు. ఆ 224 కేసులనూ ఒక్కొక్కటిగా తీసి చూశారు. బడికి ఇంత దూరంలో ఇల్లుండాలన్న చట్టం అప్పుడు ఉండి ఉంటే వీటిలో ఏది ఆగేదని వెతికితే ఒక్కటీ తేలలేదు. ఎక్కువమంది తెలిసినవాళ్ల ద్వారానో, తల్లితో స్నేహం కలుపుకునో పిల్లలకు దగ్గరయ్యారు. ఆయోవా రాష్ట్రంలోనైతే 2006లో ప్రాసిక్యూటర్ల సంఘమే ఈ హద్దు తీసేయమని అడిగింది. దీనివల్ల నేరం ఒప్పుకునేవాళ్లు తగ్గిపోతున్నారని చెప్పింది. 2009లో అక్కడ చట్టాన్ని చాలావరకు సడలించారు. ముద్దాయిలను జైలుకు పంపడమే పనిగా ఉన్నవాళ్లు ఆ మాట అన్నారంటే ఆలోచించాలి కదా.

ఆ 224 కేసుల సంగతి చదివిన రాత్రి నాకు నిద్ర పట్టలేదు. 1990ల్లో నేను పనిచేసిన ఒక ఊరు గుర్తొచ్చింది. ఊరి పేరు రాయను.

ఏడో తరగతి పిల్ల. సాయంత్రం బెల్లు కొట్టాక అందరూ పరుగెత్తేవాళ్లు, ఈ పిల్ల మాత్రం వరండా మెట్ల మీద కూర్చునేది. చేతిలో అరిగిపోయిన చాక్‌పీసు ముక్క. మెట్టు మీద గీతలు గీస్తూ, చెరుపుతూ, గేటుకు తాళం వేసేదాకా కదిలేది కాదు. "ఇంటికి వెళ్లవేమే?" అని అడిగితే "అమ్మ పొలం నుంచి వచ్చాక వెళ్తా టీచర్" అనేది. వారం రోజులు చూశాక పక్కన కూర్చున్నాను. చాలాసేపు ఏమీ చెప్పలేదు. తర్వాత తల ఎత్తకుండానే చెప్పింది. వాళ్ల నాన్న తమ్ముడు. అదే ఇల్లు, అదే వసారా.

హెడ్‌మాస్టర్ దగ్గరికి వెళ్లి చెప్పాను. "ఆడపిల్ల వ్యవహారం, రేపు పెళ్లి కావాలి, మీరు కల్పించుకోకండి" అన్నారు. తల్లిని పిలిపించాను. ఆమె నా రెండు చేతులూ పట్టుకుని "టీచరమ్మా, మా ఆయన మంచాన పడ్డాక ఆ అబ్బాయి కూలి డబ్బుల మీదే పొయ్యి వెలుగుతోంది, బయటికి పొక్కితే అందరం వీధిన పడతాం" అని ఏడ్చింది. నేను పోలీస్ స్టేషన్ దాకా వెళ్లలేదు. రెండు వారాలకు పిల్లను బడి మాన్పించి ఎక్కడికో చుట్టాల ఊరికి పంపేశారు. హాజరు పట్టీలో ఆ పేరు మీద ఎర్ర సిరాతో గీత కొట్టింది నేనే.

ఆ పిల్లకూ వాడికీ మధ్య దూరం ఎన్ని అడుగులు? బడి ఒక్కటే వాడు లేని చోటు. అందుకే తాళం వేసేదాకా అక్కడ కూర్చునేది. మనం గీయమంటున్న వృత్తం బడి చుట్టూ గీస్తాం, పిల్లను మాత్రం సాయంత్రం ఆ ఇంటికే పంపిస్తాం.

ఆ ఇల్లు అరుదైనదేమీ కాదు. అమెరికా న్యాయశాఖ లెక్కల్లో పోలీసుల దాకా వచ్చిన కేసుల్లో 93 శాతం పిల్లలకు చేసినవాడు ముందే తెలుసు. మన నేర గణాంకాల్లోనూ ఇటీవలి ఏళ్లలో అత్యాచారం కేసుల్లో 90 శాతానికి పైగా తెలిసినవాళ్లే నిందితులు. మ్యాప్ మీద చుక్కలు శిక్ష పడ్డవాళ్లవి. ఎవరూ ఫిర్యాదు చేయని బాబాయికి చుక్క ఉండదు. పైగా శిక్ష పడితే ఊళ్లో ఇల్లే దొరకదని తెలిస్తే ఆ తల్లి ఇంకా గట్టిగా నోరు మూసుకునేది. వాడితోపాటు మొత్తం కుటుంబం ఊరు వదలాల్సి వస్తుంది కదా.

మన దేశంలో లైంగిక నేరస్థుల జాతీయ జాబితా 2018 సెప్టెంబరులో మొదలైంది. అప్పటికే 4 లక్షలకు పైగా పేర్లున్నాయి. అది పోలీసులు, దర్యాప్తు సంస్థల చేతిలోనే ఉంది. అలాగే ఉండనివ్వండి. దాన్ని వాడాల్సిన చోట గట్టిగా వాడమనండి. హాస్టల్ వార్డెన్‌ను, స్కూల్ వ్యాన్ డ్రైవర్‌ను, పీఈటీని పనిలో పెట్టుకునే ముందు పోలీసుల దగ్గర ఆ పేరు సరిచూడాలి. నాకు తెలిసిన ప్రైవేటు స్కూళ్లలో డ్రైవర్ల దగ్గర లైసెన్స్ జిరాక్స్ తప్ప ఇంకేమీ అడగరు. వృత్తాలు గీసే పనికన్నా ఇది తేలిక.

2012 నుంచి మనకు పోక్సో చట్టం ఉంది. పిల్లల మీద ఇలాంటిది జరిగిందని తెలిసి పోలీసులకు చెప్పకపోతే ఆరు నెలల దాకా జైలు. సంస్థ నడిపేవాళ్లు తమ కింద పనిచేసేవాళ్ల విషయం దాస్తే ఏడాది దాకా. ఈ చట్టం ప్రకారమైతే ఆనాడు నేను చేసింది నేరమే. ఆనాటి టీచర్ల శిక్షణ తరగతుల్లో ఇలాంటి నేరాల గురించి ఒక గంట చెప్పి ఉంటే, ఎవరికి ఫోన్ చేయాలో నాకు తెలిసి ఉంటే, ఆ పిల్ల ఎనిమిదో తరగతికి వచ్చేదేమో అని ఈ వయసులోనూ అనుకుంటూ ఉంటాను.

వచ్చే నెల తెనాలి వస్తున్నాను. ఆ ఊరి బడికి వెళ్లి, ఇప్పటి హెడ్‌మాస్టర్‌ గారి అనుమతి అడిగి, వరండా మెట్ల పక్క గోడ మీద పిల్లల హెల్ప్‌లైన్ నంబరు 1098 పెద్ద అక్షరాలతో రాయిస్తాను. పెయింటు ఖర్చు నాదే. కూర్చున్న పిల్లకు కనిపించే ఎత్తులో రాయమని చెబుతాను.

ఇట్లు,
ఒక రిటైర్డ్ లెక్కల టీచర్, తెనాలి
(ఆ పిల్ల ఎవరో బయటపడకూడదు కాబట్టి దయచేసి నా పేరు వేయకండి.)