కానుగాకు మీది దుమ్ము

ఒరేయ్ రవీ,

ఎలా ఉన్నావురా? అమ్మకి మోకాళ్ల నొప్పి తగ్గిందా? మొన్న ఫోన్లో "గాలి కాలుష్యాన్ని కొలిచే మిషన్లుండగా ఈ ఆకులు కోయడమేంట్రా" అన్నావు కదా, తీరిగ్గా చెప్తా విను.

మిషన్ ఎక్కడుంటే అక్కడి గాలి సంగతే చెబుతుంది. మా తిరుపతిలో లీలామహల్ సర్కిల్ గాలీ, యూనివర్సిటీ లోపలి గాలీ ఒకటెలా అవుతాయి? వీధికో మిషన్ పెట్టడం అయ్యే పని కాదు. చెట్లయితే వీధి వీధికీ ఉన్నాయి. అందుకే అన్ని చోట్లా కానుగాకులే కోస్తున్నాం, మనిషి ముక్కు ఎత్తులో, రోడ్డు వైపు కొమ్మనుంచి. ఒక్కో జాతి ఆకుకి ఒక్కోలా దుమ్ము పడుతుంది, కలిపేస్తే లెక్క తప్పుతుంది. నిన్న సర్కిల్ దగ్గరి ఆకులు గుప్పెడు తీసుకుని డిస్టిల్డ్ వాటర్లో బ్రష్‌తో కడిగితే నీళ్లు టీ డికాషన్లా అయ్యాయిరా! వాటిని వడగట్టి, మిగిలిన దుమ్ముని ఆరబెట్టి, తూకం వేస్తాం.

బరువొక్కటే నమ్మితే మోసపోతాం. మన ఎర్రమట్టి దుమ్ముకీ బరువుంటుంది కదా. బండ్ల పొగలో, బ్రేకుల అరుగుదలలో సన్నటి ఐరన్ ఆక్సైడ్ రేణువులుంటాయి. వాటిని అయస్కాంత గుణంతో పసిగట్టొచ్చు. మట్టిలోనూ ఇనుము ఉంటుంది కాబట్టి, రోడ్డుకి దూరంగా ఉన్న చెట్టు ఆకుల్ని పక్కన పెట్టి పోల్చాల్సిందే.

ఆకు చెప్పేది ఈమధ్య వారాల కథే. పెద్ద వానొస్తే చాలావరకు కడుక్కుపోతుంది. మట్టి అలా కాదు. సీసం కలిపిన పెట్రోలు మన దేశంలో 2000లోనే ఆపేశారు. అంతకుముందు పొగలో వచ్చిపడ్డ సీసం మాత్రం పాత రోడ్ల పక్కన పైమట్టిలో దశాబ్దాల పాటు ఉండిపోతుంది. కుళ్లిపోయేదీ కాదు, ఆవిరయ్యేదీ కాదు. పిల్లలు ఆ మట్టిలో ఆడి అదే చేత్తో మురుకులు తింటారు. నాకు అన్నిటికన్నా దిగులు అదేరా. సీసం పిల్లల మెదడు ఎదుగుదలని దెబ్బతీస్తుంది, ఇంతవరకైతే పర్లేదు అనే హద్దే లేదు. అందుకే ముందు పాత రోడ్లమీది బడుల దగ్గర పరీక్షకి మట్టి తీద్దామని పట్టుబట్టాను. పైన 5 సెంటీమీటర్ల మట్టి చాలు.

నీతో ఓ పనుంది. చిత్తూరులో మీ ఇంటి ముందు కానుగ ఇంకా ఉంది కదా? సంక్రాంతికి వచ్చేటప్పుడు దాని ముదురాకులు ఓ ముప్పై కోసుకురా. ప్లాస్టిక్ కవర్లో వద్దు, చెమ్మ పట్టి పాడవుతాయి, కాగితం కవర్లో వెయ్యి. కోసిన తేదీ, చివరిసారి వాన ఎప్పుడు పడిందీ, చెట్టు రోడ్డుకి ఎన్ని అడుగుల దూరంలో ఉందీ కవరు మీద రాసిపెట్టు. తుడవొద్దురోయ్!

నీ
శీను