గ్రాసియా వీధుల నుంచి ఒక ఉత్తరం

బార్సిలోనా
ఆగస్టు 19

ఒరేయ్ బావా,

నువ్వడిగిన మీ నాన్నగారి రేడియో నాబ్ తయారైందిరా! ఉత్తరం విప్పగానే నువ్వు వెతికేది ఆ మాటేనని తెలుసు, అందుకే ముందే చెప్పేస్తున్నా. నల్లటిది, అంచు చుట్టూ సన్నటి గాట్లతో, మీ నాన్నగారి వేళ్లకి అలవాటైన సైజులోనే వచ్చింది. ఎలా వచ్చిందో చెప్పాలంటే మాత్రం చాలా రాయాలి. ఫోన్లో చెబుదామంటే నాకు తీరిక చిక్కేసరికి నీకు అర్ధరాత్రి దాటిపోతోంది.

ఆఫీసు పని జూలై ఆఖరుకే అయిపోయింది. తిరుగు టికెట్ వెనక్కి జరిపించుకుని, మిగిలిన సెలవులన్నీ పెట్టేసి ఇక్కడే ఉండిపోయా. కారణాలు రెండు. ఒకటి ఇక్కడి మేకర్ స్పేస్‌లు, అంటే ఎవరైనా వెళ్లి యంత్రాల మీద తమకి కావలసినవి తామే చేసుకునే పనిశాలలు. రెండోది గ్రాసియా పేటలో ఏటా ఆగస్టు 15 నుంచి 21 దాకా జరిగే పండుగ, ఫెస్టా మజోర్. ఈ రెండూ వేర్వేరు సంగతులనుకునే వచ్చా. ఇప్పుడు ఏది ఎక్కడ ఆగి రెండోది ఎక్కడ మొదలవుతుందో చెప్పమంటే చెప్పలేను.

మొదట పోబ్లెనౌ వెళ్లా. పందొమ్మిదో శతాబ్దంలో బట్టల మిల్లులతో నిండిపోయి, కాటలోనియా మాంచెస్టర్ అని పేరుపడ్డ పేట అది. మిల్లులు మూతపడ్డాయి కానీ ఇటుక పొగగొట్టాలు కొన్ని అలాగే నిలబెట్టారు. అక్కడే, ఒక ఆర్కిటెక్చర్ సంస్థలో భాగంగా, 2007 నుంచి ఫ్యాబ్ ల్యాబ్ బార్సిలోనా నడుస్తోంది. లేజర్ కట్టర్లు, కంప్యూటర్ చెప్పినట్టు చెక్కని చెక్కే సీఎన్సీ యంత్రాలు, త్రీడీ ప్రింటర్లు. వాటికన్నా నాకు ఆ వాసన నచ్చింది. కాలిన ప్లైవుడ్ వాసన. మన కాలేజీ వర్క్‌షాప్ గుర్తొచ్చి కాసేపు అక్కడే నిలబడిపోయా.

అసలీ ఫ్యాబ్ ల్యాబుల కథ నీకు చెప్పానా? 1998లో అమెరికాలోని ఎంఐటీ విద్యాసంస్థలో నీల్ గెర్షెన్‌ఫెల్డ్ అనే ప్రొఫెసర్, దాదాపు దేన్నైనా తయారుచేయడం నేర్పుతానని ఒక కోర్సు పెట్టాడు. పదిమంది వస్తారనుకుంటే వందమంది దాకా వచ్చారట. ఒకమ్మాయి అరుపుల్ని దాచుకునే సంచి చేసింది. నలుగురిలో ఉన్నప్పుడు కోపమొస్తే అందులోకి అరవొచ్చు, శబ్దం బయటికి రాదు. తర్వాత ఒంటరిగా ఉన్నప్పుడు ఆ అరుపుని వదిలేసుకోవచ్చు. అమ్మడానికి కాదు, తనకి కావాలి కాబట్టి చేసుకుంది. ఆ కోర్సులోంచే ఊరూరా ఇలాంటి పనిశాలలుండాలన్న ఆలోచన పుట్టింది. ఎంఐటీ బయట వచ్చిన తొలి ల్యాబుల్లో ఒకటి మన దేశంలోనే ఉందిరా, పుణె దగ్గర పాబల్ అనే పల్లెలో, విజ్ఞాన్ ఆశ్రమ్‌లో, 2002లో. ఈ సంగతి ఇక్కడ ఎవరికి చెప్పినా కళ్లు పెద్దవి చేస్తున్నారు, నాకేమో ఛాతీ పొంగుతోంది.

2014లో ఫ్యాబ్ ల్యాబుల వాళ్లంతా ఇక్కడ సమావేశమైనప్పుడు ఈ నగరం పెద్ద మాటే ఇచ్చింది. నలభై ఏళ్లలో, అంటే 2054 కల్లా, తనకి కావలసినవన్నీ తనే తయారుచేసుకునే నగరమవుతానని. అవుతుందా అంటే నాకు అనుమానమే. కానీ ఆ మాటకి ముందే నగరపాలక సంస్థే పేటపేటకీ పనిశాలలు తెరవడం మొదలుపెట్టింది. వాటికి అటెనెవు అని పేరు. పాతకాలంలో కార్మికులు చందాలేసుకుని నడుపుకున్న చదువుల సంఘాలని అలా అనేవాళ్లు, ఆ పేరే తెచ్చి పెట్టారు. అందులో ఒకటి 2013లో సియుటాట్ మెరిడియానా అనే పేద పేటలో పెడదామనుకున్నారు. తీరా చూస్తే ఆ భవనంలో జనం ఆకలి తీర్చుకోవడానికి ఫుడ్ బ్యాంక్ నడుపుకుంటున్నారు. మాకు ప్రింటర్లు కాదు, తిండీ పనీ కావాలని పేటవాళ్లు ఎదురుతిరిగారు. ఈ కథ విన్నాక రెండు రోజులు నా మనసులో అదే తిరిగింది. ఎంత మంచి యంత్రమైనా, పేటవాళ్లని అడక్కుండా తెచ్చి పెడితే అది వాళ్లది కాదు కదా.

ఇక నీ నాబ్ సంగతి. అది చేసింది ఈ పెద్ద ల్యాబులో కాదు, నేనుండే గదికి పది నిమిషాల నడకలో ఉన్న ఒక చిన్న పనిశాలలో. నాలుగు బల్లలు, రెండు ప్రింటర్లు, ఒక పాత లేజర్ కట్టర్, గోడంతా పనిముట్లు. ప్రతి పనిముట్టు వెనకా దాని ఆకారాన్ని గోడ మీద పెయింట్‌తో గీశారు, తీసినవాడు మళ్లీ అక్కడే పెట్టేలా. నువ్వు పంపిన కొలతలు పెట్టుకుని కూర్చున్నా. రేడియోలో నాబ్ ఎక్కే కడ్డీ మందం ఆరు మిల్లీమీటర్లు, ఒక వైపు చదును, చదును దగ్గర నాలుగున్నర. కంప్యూటర్లో సరిగ్గా ఆరుకే రంధ్రం గీసి ప్రింట్ పెట్టా. నలభై నిమిషాలకి వచ్చింది. కడ్డీ దూరదే! డ్రాయర్లో దొరికిన పాత వాల్యూమ్ కంట్రోల్ కడ్డీ మీద పెట్టి ఎంత నొక్కినా ఎక్కలేదు.

పక్క బల్ల దగ్గర డెబ్బై దాటిన పెద్దావిడ ఒకరు చూస్తున్నారు. వచ్చి నా చేతిలోంచి నాబ్ తీసుకుని, వెర్నియర్, అదే సన్నటి కొలతలు తీసే పనిముట్టు, పెట్టి కొలిచి చూపించారు. రంధ్రం ఐదు పాయింట్ ఎనిమిదే ఉంది. రెండొందల డిగ్రీల వేడికి కరిగిన ప్లాస్టిక్ దారంలా పడుతూ కాస్త పక్కలకి జరుగుతుంది, చల్లారేటప్పుడు లోపలికి లాగుతుంది. అందుకే రంధ్రం ఎప్పుడూ గీసినదానికన్నా చిన్నదే వస్తుంది. ఆరు పాయింట్ మూడుకి గీస్తే వదులైంది, ఆరు పాయింట్ రెండుకి గీస్తే బొటనవేలి నొక్కుకి "టక్"మని కూర్చుంది. ఆ చప్పుడు నీకు వినిపించాలనిపించిందిరా. ఆవిడ నాకంటే ముందు చప్పట్లు కొట్టారు.

అన్నట్టు, ఆవిడ ఆ రోజు లేజర్ మీద కోస్తున్నవి పక్షి రెక్కల ఎముకలు, పల్చటి ప్లైవుడ్‌తో. ఎందుకని నా వచ్చీరాని స్పానిష్‌లో అడిగితే, మా వీధికి అన్నారు. సాయంత్రం ఖాళీయేనా అని కూడా అడిగారు. అంతే, ఆ సాయంత్రం నుంచి పండుగ దాకా నా సాయంత్రాలన్నీ ఆ వీధివే అయిపోయాయి.

గ్రాసియా ఒకప్పుడు విడి ఊరు. 1897లో బార్సిలోనాలో కలిపేశారు కానీ అక్కడివాళ్లు ఇప్పటికీ "కిందికి, బార్సిలోనాకి వెళ్లొస్తా" అంటుంటే విన్నా. ఈ పండుగ 1817 నాటికే ఉన్నట్టు ఆధారాలున్నాయి. ఇరవై దాకా వీధులూ కూడళ్లూ ఒక్కో ఊహని ఎంచుకుని, ఈ చివర నుంచి ఆ చివర దాకా తలమీద కప్పులా అలంకరిస్తాయి. ఎవరో కాంట్రాక్టరు వచ్చి వేసే పందిళ్లు కావు. వీధిలో ఉండేవాళ్లే నెలల ముందు నుంచి, పనులయ్యాక సాయంత్రాలు కూర్చుని చేస్తారు. దాదాపు అంతా పారేసిన సామాన్లతోనే. చివర్లో పోటీ ఉంటుంది, బహుమతులిస్తారు. వెర్దీ వీధికి చాలాసార్లు వచ్చిందట. పండుగ దాకా ఏ వీధి ఏం చేస్తోందో పక్క వీధికి తెలియనివ్వరు.

మా వీధి ఊహ కొంగల వలస. (చూడు, మా వీధి అనేస్తున్నా.) శరీరాలకి కోళ్ల గూళ్లకి వాడే ఇనుప వల, దాని మీద కాగితాలూ జిగురూ. రెక్కలకి కొన్నిచోట్ల ప్లైవుడ్, మిగతాచోట్ల విరిగిన గొడుగుల ఊచలు. ఈకలకి పాల డబ్బాలు. ఇక్కడి పాల అట్టడబ్బా కోసి తిప్పితే లోపలి వైపు వెండిలా మెరుస్తుంది తెలుసా? దాన్ని కడిగి, ఆరబెట్టి, ఆకు ఆకారంలో కోసి, మొదట్లో రెండు చిల్లులు పొడిచి, తీగతో ఊచకి కడతారు. ఒక్క కొంగకి నూట ఇరవై ఈకలు. మొదటి సాయంత్రం నేను తొమ్మిది కట్టా. నా పక్కన కూర్చున్న ఎనిమిదేళ్ల పిల్ల ముప్పై కట్టింది. తీగని రెండు చుట్లు తిప్పి చివర లోపలికి మడవాలి, లేకపోతే గాలికి గుచ్చుకుని ఈక చిరుగుతుందని ఆ పిల్లే నేర్పింది.

మూడో రోజు నేనన్నా, ఈకలన్నీ లేజర్ మీద కోసేద్దాం, రెండు గంటల పని అని. పెద్దావిడ వెంటనే కాదనలేదు. ఎముకలు వంకర పోతే పక్షి పడిపోతుంది, అందుకే అవి యంత్రానికిచ్చాను అన్నారు. ఈకలు కాస్త వంకరపోతే పక్షికేం కాదు, పైగా అవి కూడా యంత్రానికిచ్చేస్తే ఈ పిల్లలు, పై అంతస్తు తాతగారు, ఇవాళే ఇంట్లో దిగిన ఆ కొత్త జంట ఇక్కడెందుకు కూర్చుంటారు అన్నారు. నేను కత్తెర తీసుకున్నా. ఇన్ని ల్యాబులు తిరిగాక కూడా ఏ పని ఎవరి చేతికివ్వాలో ఇంత స్పష్టంగా తెలిసిన మనిషి నాకు ఇంకెక్కడా కనిపించలేదు.

పద్నాలుగో తారీఖు రాత్రి వీధంతా మేలుకునే ఉంది. బాల్కనీ నుంచి బాల్కనీకి తీగలు లాగి, నలభై ఒక్క కొంగల్ని ఒక్కొక్కటే పైకి ఎక్కించాం. మూడో అంతస్తులో ఒకాయన తాడు లాగుతుంటే కింద నుంచి "ఇంకా, ఇంకా, ఆగు!" అని అందరూ అరవడమే. నేను తీగ కట్టిన కొంగ ఒకటి సగం దాకా వెళ్లి రెక్క జారేసింది. ప్రాణం ఉసూరుమంది. కిందికి దించి ఐదుగురం కలిసి ఇరవై నిమిషాల్లో మళ్లీ కట్టాం. తెల్లారి ఎండ పడగానే పాల డబ్బాల వెండి అంతా ఒక్కసారి వెలిగింది. గోడల మీద, మా మొహాల మీద చిన్నచిన్న వెలుగు మచ్చలు కదులుతున్నాయి. ఎవరూ మాట్లాడలేదురా కాసేపు.

తర్వాత రోజులు పరుగే. జనం, బ్యాండ్లు, వీధి మధ్య పొడవాటి బల్లలేసి అందరూ కలిసి భోజనాలు, నిప్పురవ్వలు చిమ్ముతూ దయ్యాల వేషాల్లో పరిగెత్తే కొర్రెఫోక్. అవన్నీ రాయను, ఫొటోలు చూద్దువుగాని. మనుషులు ఒకరి భుజాల మీద ఒకరు ఎక్కి కట్టే గోపురం ఒక్కటి మాత్రం చెప్పాలి.

ప్లాసా దె లా విలాలో 33 మీటర్ల గడియార స్తంభం ఉంది. దాని కింద నీలం చొక్కాల గ్రాసియా జట్టు. ఎక్కే ముందు నడుముకి నల్లటి పొడుగాటి గుడ్డ, ఫాషా, చుడతారు. ఒకరు గుడ్డ చివర పట్టుకుని లాగి నిలబడితే, రెండోవాళ్లు తమ చుట్టూ తామే తిరుగుతూ దాన్ని ఒంటికి బిగించుకుంటారు. వెన్నుకి అదే ఊతం, పైకి ఎక్కేవాళ్ల కాళ్లకి అదే మెట్టు. కింద వందమందికి పైగా ఒకరి వీపుకి ఒకరు ఛాతీ ఆనించి గట్టిగా నిలబడతారు. ఆ గుంపు పేరు పిన్య. మనిషి తక్కువైతే చూసేవాళ్లనీ రమ్మంటారు. నన్నూ రమ్మన్నారు! చేతులు పైకి చాపి ముందున్నాయన భుజాల మీద పెట్టి, తల దించుకుని నిలబడ్డా. పైన ఏం జరుగుతోందో కనపడదు. గ్రాల్యా అనే సన్నాయి లాంటి వాద్యం మోగుతుంటుంది, దాని పాట మారితే గోపురం ఎంతవరకు ఎక్కిందో తెలిసినవాళ్లకి తెలుస్తుంది. నాకు తెలిసిందల్లా వీపుల మీదుగా వచ్చే వణుకే. చిట్టచివరికి ఎక్కిన పిల్ల చెయ్యెత్తిందని నాకు జనం అరుపుని బట్టి తెలిసింది. చెమటతో తడిసి బయటికొచ్చాక ముందున్నాయన వెనక్కి తిరిగి నన్ను కావలించుకున్నాడు. ఆయన పేరు కూడా నాకు తెలియదు.

ఒక్కటే బెంగ. ఇంత జనం వస్తే అక్కడ బతికేవాళ్లకి నిద్రెక్కడిది? దగ్గర్లోనే ప్లాసా దెల్ సోల్ అని కూడలి ఉంది. అక్కడివాళ్లు పండుగకే కాదు, ఏడాది పొడుగునా రాత్రి గోలతో విసిగిపోయి, 2017 ప్రాంతంలో ఫ్యాబ్ ల్యాబ్ బార్సిలోనా సెన్సర్లు తెచ్చి బాల్కనీల్లో పెట్టుకున్నారు. చప్పుడుని వాళ్లే కొలిచి, లెక్కలు పట్టుకుని నగరపాలక సంస్థ ముందుకు వెళ్లారు. అది విన్నాక జనం కూర్చునే మెట్ల దగ్గర పూలకుండీలు పెట్టారు, చెత్త బండ్ల వేళలు మార్చారు. నాకు ల్యాబుల గురించి విన్నవాటన్నిట్లోకీ గొప్పగా అనిపించింది ఇదే. నిద్ర పట్టని మనిషి తన బాధకి తనే కొలబద్ద చేసుకున్నాడు, అది పనిచేసింది. అందుకే మేం రాత్రి వీధి వదిలేటప్పుడు గుసగుసగానే మాట్లాడుకుంటున్నాం.

ఎల్లుండి 21. ఆ రాత్రితో పండుగ అయిపోతుంది, ఆ వెంటనే అన్నీ దించేస్తారు. ఇనుప వలలు చుట్టి దాచుకుంటారట, వచ్చే ఏడాదికి. పెద్దావిడ నాకొక కొంగనిస్తానన్నారు. విమానంలో ఎలా తేవాలో ఆలోచిస్తున్నా. రెక్కలు గొడుగులా ముడుచుకునేవి కాబట్టి పెద్ద సూట్‌కేసులో పట్టొచ్చు. నీ ఇంట్లో ఆ రేడియో పైన వేలాడదీద్దాం, ఏమంటావు?

రేడియోకి రెండో నాబ్ కూడా వదులైందన్నావు కదా, వాల్యూమ్‌ది. దాని కడ్డీ కూడా ఆరేనా, చదును ఏ వైపుంది, రేడియో ముందు పలక నుంచి ఎంత బయటికి వచ్చింది, ఈ మూడూ రేపు సాయంత్రంలోగా మెసేజ్ చెయ్యి. పనిశాల శుక్రవారం దాకా తెరిచే ఉంటుంది. వెర్నియర్ లేకపోతే కాగితం చుట్టి గీత పెట్టి ఫొటో తీసి పంపు, పక్కన స్కేలు పెట్టడం మర్చిపోకు.

నాన్నగారిని అడిగానని చెప్పు.

నీ
పాత రూమ్మేట్