ఫ్యాన్ తిరిగినంత మాత్రాన ఎస్‌ఎంపీఎస్ బాగున్నట్టు కాదు

సంపాదకులకు నమస్కారం.

కంప్యూటర్‌కి కొత్త ఎస్‌ఎంపీఎస్, అంటే లోపలి భాగాలన్నింటికీ కరెంటు అందించే పెట్టె, తెచ్చుకున్నవాళ్లు ఎవరిని అడిగినా ఒకటే సలహా దొరుకుతోంది. ‘పెద్ద కనెక్టర్‌లో ఆకుపచ్చ వైరునీ పక్కనున్న నల్ల వైరునీ పేపర్ క్లిప్పుతో కలుపు, ఫ్యాన్ తిరిగితే బిగించేసుకో’ అంటారు. దీన్ని నమ్ముకుని మదర్‌బోర్డు పోగొట్టుకునే ప్రమాదం ఉంది కాబట్టి ఈ ఉత్తరం రాస్తున్నాను.

ఎస్‌ఎంపీఎస్ 12, 5, 3.3 వోల్టుల వేరువేరు లైన్లలో కరెంటు ఇస్తుంది. వాటిలో ఫ్యాన్‌కి కావలసింది 12 వోల్టుల లైను ఒక్కటే. 12 బదులు 10 వోల్టులే వచ్చినా అది హాయిగా తిరుగుతుంది. 5 వోల్టుల లైను 5.6 దగ్గరున్నా, 3.3 లైను పడిపోతున్నా దానికి పట్టదు. ఇంకోపక్క ఇప్పుడు వస్తున్న చాలా మోడళ్లలో లోడు, అంటే లాగే కరెంటు, తక్కువగా ఉన్నప్పుడు ఫ్యాన్ కావాలనే ఆగి ఉంటుంది. అది తెలియక మంచి యూనిట్‌ని చెడిపోయిందనుకుని వాపసు చేసేవాళ్లూ ఉన్నారు. నమ్మాల్సింది మీటరునే. మామూలు డిజిటల్ మల్టీమీటర్, డీసీ 20 వోల్టుల రేంజి చాలు.

కరెంటు ఇవ్వకముందే రెండు చూసుకోవాలి. వెనకవైపు చిన్న ఎర్ర సెలెక్టర్ స్విచ్ ఉంటే అది మన సరఫరాకి తగ్గట్టు ఉందో లేదో చూడండి. 230 వోల్టుల సాకెట్టుకి పెట్టి స్విచ్‌ని 115 మీద వదిలేస్తే పెద్ద శబ్దంతో పేలి అక్కడికక్కడే పోతుంది. లేబుల్ మీద 100–240 అని ఉన్నవాటికి ఈ గొడవ లేదు. రెండోది ఎర్త్. పవర్ కార్డును యూనిట్‌కి పెట్టి, గోడ సాకెట్టుకి మాత్రం పెట్టకుండా, ప్లగ్గు ఎర్త్ పిన్నుకీ యూనిట్ ఇనప పెట్టెకీ మధ్య రెసిస్టెన్స్ కొలిస్తే ఒక ఓమ్ లోపే రావాలి. ఎర్త్ లేకపోతే లోపలి ఫిల్టర్ కెపాసిటర్ల వల్ల పెట్టె మీద సరఫరాలో దాదాపు సగం వోల్టేజి కనిపిస్తుంది. క్యాబినెట్ ముట్టుకుంటే చురుక్కుమనేది అందుకే.

ఇక అసలు పని. యూనిట్‌ని క్యాబినెట్ బయటే, చెక్క బల్ల మీద పెట్టండి. కంప్యూటర్ భాగాలు వేటికీ కలపకండి. పవర్ కార్డును గోడ సాకెట్టుకి పెట్టి గోడ స్విచ్, వెనకున్న స్విచ్ వేయండి. ఇప్పుడు యూనిట్ నిద్రావస్థలో ఉంటుంది. ఈ స్థితిలో 24 పిన్నుల కనెక్టర్ మొత్తంలో వోల్టేజి కనిపించాల్సినవి రెండే పిన్నులు. ఊదారంగు వైరు, అంటే 9వ పిన్ను, 5 వోల్టుల స్టాండ్‌బై, అంటే యూనిట్ నిద్రలో ఉన్నప్పుడూ వచ్చే లైను. ఆకుపచ్చ వైరు, అంటే 16వ పిన్ను, సాధారణంగా 5కి దగ్గరగా ఉంటుంది. ఇప్పుడు చాలా యూనిట్లలో వైర్లన్నీ నల్లవే కాబట్టి రంగు చూసి పోల్చుకోలేరు. ఎడమ నుంచి లెక్కపెడితే కనెక్టర్‌ని ఎటు తిప్పి పట్టుకున్నామన్న దాన్నిబట్టి లెక్క తారుమారవుతుంది. అంతకంటే నమ్మకమైన పద్ధతి, కనెక్టర్‌ని బోర్డుకి పట్టి ఉంచే ప్లాస్టిక్ క్లిప్పు ఉన్న వైపు వరసలో మీటరుతో వెతకడం. ఆ వరసలో వోల్టేజి చూపేది ఒక్క పిన్నే, అదే ఆకుపచ్చది, ఒక చివర నుంచి నాలుగోది. దానికి అటూ ఇటూ ఉన్నవి రెండూ గ్రౌండే, అంటే మామూలుగా నల్ల వైర్లు. ఊదా పిన్ను దగ్గర ఏమీ రాకపోతే స్టాండ్‌బై భాగమే పనిచేయడం లేదు, అక్కడితో ఆపి వాపసు ఇచ్చేయండి.

ఆకుపచ్చ పిన్ను తేలాక గోడ స్విచ్ ఆపి, ఇన్సులేషన్ ఉన్న సన్నటి ఒంటితీగ రాగి వైరుని యూ ఆకారంలో వంచి ఆ పిన్నుకీ పక్క గ్రౌండుకీ కలపండి. దీని గుండా పారేది 2 మిల్లీయాంప్స్ లోపే, షాక్ భయం లేదు. భయపడాల్సింది తప్పు రంధ్రంలో దూర్చడానికి. స్విచ్ వేస్తే కొన్నింట్లో లోపల రిలే ‘టక్’మంటుంది.

కొలిచేటప్పుడు మీటరు నల్ల ప్రోబ్‌ని (కొలిచే కొనని) ఏదైనా గ్రౌండులో కదలకుండా పెట్టి, ఎర్ర ప్రోబ్‌ని కనెక్టర్ వెనకవైపు నుంచి, వైరు లోపలికి వెళ్లే చోట దూర్చండి. ముందు నుంచి పెడితే కొన జారుతుంది. ముఖ్యంగా ఊదా వైరు పక్కనే పసుపు వైరు ఉంటుంది. ప్రోబ్ కొన ఆ రెంటినీ కలిపితే 12 వోల్టులు స్టాండ్‌బై లైనులోకి పోతాయి.

పసుపు 11.40 నుంచి 12.60, ఎరుపు 4.75 నుంచి 5.25, నారింజ 3.14 నుంచి 3.46 మధ్య ఉండాలి. ఊదాకి ఎరుపు హద్దులే. నీలం మైనస్ 12, దానికి పది శాతం అటూ ఇటూ సరిపోతుంది. ఇవాళ్టి బోర్డుల్లో దాంతో పెద్దగా పని లేదు. అందరూ వదిలేసేది బూడిదరంగు వైరు, 8వ పిన్ను. లైన్లన్నీ కుదురుకున్నాక ఎస్‌ఎంపీఎస్ తనే ‘సిద్ధం’ అని బోర్డుకి చెప్పే సంకేతం అది, 5 వోల్టుల దగ్గర ఉండాలి. మిగతావన్నీ బాగుండి ఇది సున్నా చూపిస్తే బోర్డు రీసెట్‌లోనే ఉండిపోతుంది, కంప్యూటర్ లేవదు. అప్పుడు తప్పు ర్యామ్‌దనో ప్రాసెసర్‌దనో అనుకుని రోజులు వృథా చేస్తారు.

ఖాళీగా కొలవడం పరీక్షలో మొదటి భాగమే. ఎంత నాసిరకం యూనిట్ అయినా ఖాళీగా ఉన్నప్పుడు మంచి అంకెలే చూపించగలదు. కారుకి వాడే 12 వోల్టుల 21 వాట్ల బల్బుని నాలుగు పిన్నుల పెరిఫెరల్ కనెక్టర్‌లో పసుపుకీ నల్లకీ కలిపితే దాదాపు 1.75 యాంప్స్ లాగుతుంది. బల్బు బాగా కాలుతుంది, ప్లాస్టిక్‌కి తగలనీయకండి. అరగంట వెలగనిచ్చి మళ్లీ 24 పిన్నుల దగ్గరే కొలవండి. బల్బు దగ్గర కొలిస్తే వైరులో పోయే వోల్టేజి కూడా కలిసి లెక్క తప్పుతుంది. ఇంత చిన్న లోడుకే 12 కాస్తా 11.5కి దిగితే, హద్దులో ఉంది కదా అని నేనైతే ఆ యూనిట్ వాడను. పాత తరహా డిజైన్లలో 12 మీద లోడు పడితే 5 వోల్టుల లైను పైకి లేస్తుంది, ఎందుకంటే రెంటినీ ఒకే నియంత్రణ చూసుకుంటుంది. అక్కడ ఎరుపుని కూడా తప్పకుండా చూడాలి.

ఫ్యాన్ ఒక్క క్షణం తిరిగి యూనిట్ ఆగిపోతే రక్షణ సర్క్యూట్ పట్టేసిందని అర్థం. స్విచ్ ఆపి కాసేపాగి, విడదీయగల కేబుళ్లు ఒక్కొక్కటే తీసి చూడండి.

కేబుళ్ల విషయం గట్టిగా చెప్పాలి. పాత మాడ్యులర్ (కేబుళ్లు విడదీయగల) యూనిట్ కేబుళ్లని కొత్తదానికి ఎప్పుడూ వాడకండి. హార్డ్‌డిస్కు వైపు కొనకి ప్రమాణం ఉంది, ఎస్‌ఎంపీఎస్ వైపు కొనకి లేదు. ఒకే కంపెనీ రెండు మోడళ్ల మధ్య కూడా వరస మారవచ్చు. ప్లగ్గు చక్కగా కూర్చుంటుంది, 5 రావాల్సిన చోట 12 వస్తుంది, డిస్కు పోతుంది. డబ్బాలో వచ్చిన కేబుళ్లనే వాడినా ప్రతి కొననీ ఒకసారి కొలవండి. ప్రాసెసర్‌కి వెళ్లే 8 పిన్నుల ప్లగ్గులో క్లిప్పు వైపు వరసంతా 12 వోల్టులు. గ్రాఫిక్స్ కార్డు ప్లగ్గులో క్లిప్పు వైపు వరసంతా గ్రౌండు. చూపుకి రెండూ ఒకేలా ఉంటాయి.

మల్టీమీటర్‌కి అందనిది రిపిల్, అంటే లైను వోల్టేజిలో చాలా వేగంగా వచ్చే చిన్న హెచ్చుతగ్గులు. 12 లైను మీద 120 మిల్లీవోల్టులు, 5, 3.3 లైన్ల మీద 50 దాటకూడదని ప్రమాణం. దాన్ని చూడాలంటే వోల్టేజి మార్పుల్ని తెర మీద గీసి చూపే ఆసిలోస్కోప్ కావాలి. మీటరుని ఏసీలో పెట్టి కొలిచే అంకెని నమ్మకండి, ఆ వేగాన్ని మామూలు మీటరు అందుకోలేదు.

ఏ పరీక్షలోనూ పెట్టె మాత్రం విప్పకండి. లోపలి పెద్ద కెపాసిటర్‌లో 400 వోల్టులకు దగ్గరగా నిలవ ఉంటుంది, ప్లగ్గు పీకేశాక కూడా కొంతసేపు అలాగే ఉంటుంది.

ఇట్లు,
ఒక హార్డ్‌వేర్ టెక్నీషియన్