టూర్ ద ఫ్రాన్స్ ప్రసారం గురించి

బెజవాడ సైకిల్ మిత్రులందరికీ నమస్తే.

నిన్న టీవీలో టూర్ ద ఫ్రాన్స్ సైకిల్ రేసు కొండ స్టేజీ (కొండదారుల్లో సాగే ఒక రోజు పోటీ) చూసినవాళ్లకి నా బాధ తెలిసే ఉంటుంది. ఒకతను సీటు మీంచి లేచి ఊపందుకోగానే ప్రకటనలు! తిరిగొచ్చేసరికి అతను ఎక్కడో ఉన్నాడు. ఎవరు వెంటపడ్డారో, ఎవరు చేతులెత్తేశారో ఏమీ తెలీదు.

21 స్టేజీలు, సుమారు 3,500 కిలోమీటర్ల రేసు. అక్కడ సాయంత్రం ఐదున్నరకి ముగిస్తే మనకి రాత్రి తొమ్మిది, ఇంటిల్లిపాదీ కూర్చుని చూసే వేళ.

వాన పడి, ప్రసారానికి వాడే హెలికాప్టర్లు ఎగరలేక బొమ్మ ఆగితే ఎవరూ ఏమీ అనరు. కానీ తెర కింద ప్రకటన పట్టీ వేసి, ముందున్నవాళ్లకీ వెనకాల కలిసి వచ్చే పెద్ద గుంపుకీ మధ్య సెకన్ల తేడాని కప్పేస్తే ఎలా? ఆ తేడా కనపడకపోతే స్కోరు కనపడని క్రికెట్ మ్యాచే.

విజేత గీత దాటగానే ప్రసారం కట్. వెనకాల స్ప్రింటర్లు (చదును దారిలో చివర్లో దూసుకెళ్లేవాళ్లు, కొండెక్కడంలో వెనకబడేవాళ్లు) టైమ్ లిమిట్‌లోపు చేరాలని కొండ మీద పడే పాట్లు నాకు విజేత కంటే ముఖ్యం. ఆ గడువు దాటితే సాధారణంగా ఇంటికే కదండీ!

ఆదివారం బ్యారేజీ రైడ్ అయ్యాక అందరం కలిసి చానల్‌కి ఉత్తరం రాద్దాం. ఏ స్టేజీలో ఏం చూడలేకపోయారో రాసుకుని రండి.