జీతం పెరిగితే ఈఎస్ఐ పోవాలా?

సంపాదకుల వారికి నమస్కారం.

తిరుపతిలో కొన్ని లాడ్జీలకు, హోటళ్లకు జీతాల లెక్కలు చూసే పని నాది. పీఎఫ్ (ప్రావిడెంట్ ఫండ్), ఈఎస్ఐ (కార్మికుల ఆరోగ్య బీమా) చలాన్లు నెలనెలా 15వ తేదీలోపు కట్టించేది కూడా నేనే. వచ్చే ఏప్రిల్ ఇంక్రిమెంట్ల లిస్టు తయారు చేస్తుంటే ఒక లాడ్జీలో సూపర్‌వైజరుగా చేసే అబ్బాయి నా దగ్గరికొచ్చి, "అన్నా, ఆ ఐదునూర్లు నాకొద్దు, ఓనరుకు నువ్వే ఒక మాట చెప్పు" అన్నాడు. జీతం పెంచమని అడిగేవాళ్లు రోజూ కనిపిస్తారు, పెంచొద్దని బతిమాలే పరిస్థితి ఎందుకొచ్చిందో మీ పాఠకులకు తెలియాలని ఈ ఉత్తరం రాస్తున్నాను.

ఆ అబ్బాయి జీతం 20,800. అందులో ఈఎస్ఐ కింద కోసేది ముప్పావు శాతం, అంటే 156 రూపాయలు. ఓనరు తన వాటాగా మూడుంపావు శాతం, 676 రూపాయలు కడతాడు. ఐదు వందలు పెంచితే జీతం 21,300 అవుతుంది. ఈఎస్ఐకి పరిమితి 21,000. అంతే, మనిషి స్కీము బయటికి వెళ్లిపోతాడు. వాళ్లమ్మకు కీళ్లవాతం, నెలనెలా మందులు ఈఎస్ఐ డిస్పెన్సరీలో తెచ్చుకుంటారు. ఆ మందులు బయట మెడికల్ షాపులో కొంటే పెరిగిన ఐదు వందలు ఏ మూలకూ చాలవు. అతని లెక్కలో తప్పేమీ లేదు.

ఈఎస్ఐ అంటే చాలామంది గవర్నమెంటు ఆస్పత్రిలో మాత్రలు తెచ్చుకునే కార్డు అనుకుంటారు. అంతకంటే చాలా ఉంది అందులో. భార్యాపిల్లలతోపాటు మన మీద ఆధారపడ్డ తల్లిదండ్రులకు కూడా వైద్యం వస్తుంది, ఖర్చు ఇంతవరకే అనే పరిమితి లేదు. జబ్బు చేసి పనికి పోలేకపోతే ఏడాదికి 91 రోజుల దాకా జీతంలో 70 శాతం ఇస్తారు. లిస్టులో ఉన్న 34 పెద్ద జబ్బుల్లో ఏదైనా వస్తే రెండేళ్ల వరకు 80 శాతం. కాన్పుకు ఉద్యోగినికి 26 వారాలు పూర్తి జీతం. పనిలో ప్రమాదం జరిగి మనిషి పోతే ఆ ఇంటికి నెలనెలా డబ్బు వస్తుంది. ఇవన్నీ 1948 చట్టంతో మొదలైనవి, ఎవరో దయతలచి ఇస్తున్నవి కావు, కార్మికుడూ యజమానీ కలిసి కట్టుకున్న డబ్బుతో నడిచే బీమా ఇది.

ఈ మాట చెబితే కొందరు, ఎన్టీఆర్ వైద్యసేవ ఉంది కదా సార్ అంటారు. ఉంది, మంచిదే, ఆపరేషన్ అయితే ఆస్పత్రి బిల్లు అది చూసుకుంటుంది. కానీ నెలనెలా వాడే మందుల సంగతేమిటి? ఆపరేషన్ అయ్యాక రెండు నెలలు మంచం మీద ఉన్న రూమ్‌బాయ్ ఇంటి అద్దె, పిల్లల ఫీజు ఎవరు కడతారు? ఆ నెలల్లో జీతం బదులు డబ్బులిచ్చేది ఈఎస్ఐ.

ఇక అసలు విషయం. ఈ 21,000 పరిమితి 2017 జనవరిలో పెట్టింది. అంతకుముందు 2010 నుంచి 15,000 ఉండేది. పీఎఫ్ పరిమితి ఇంకా పాతది, 2014 సెప్టెంబరు నుంచి 15,000 దగ్గరే నిలబడిపోయింది, దానికి ముందు 6,500 దగ్గర 2001 నుంచి పదమూడేళ్లు కదల్లేదు. ఈ మధ్యలో ఇంటి అద్దెలు, గ్యాసు, స్కూలు ఫీజులు ఎక్కడికి పోయాయో తిరుపతిలో కాపురముంటున్న ఎవరినడిగినా చెబుతారు. ఇప్పుడు కాస్త చేయి తిరిగిన వంట మాస్టరు 15 వేలకు రాడు. అంటే చట్టం దృష్టిలో అతను పెద్ద జీతగాడు! మొదటిసారి ఉద్యోగంలో చేరేవాడి బేసిక్ 15,000 దాటితే అతన్ని పీఎఫ్‌లో చేర్చాల్సిన బాధ్యత యజమానికి లేదు, ఇష్టముంటే చేర్చొచ్చు, లేకపోతే మానేయొచ్చు. శ్రీసిటీలో, ఏర్పేడు వైపు ఫ్యాక్టరీల్లో కొత్తగా చేరుతున్న మన పిల్లలు ఆఫర్ లెటరు చేతికి రాగానే ముందు చూసుకోవాల్సింది ఇదే.

పీఎఫ్‌లో చేరినవాళ్ల సంగతీ అంతంతే. యజమాని కట్టే 12 శాతంలో 8.33 శాతం పెన్షన్ స్కీముకు పోతుంది, అది కూడా 15,000 వరకే లెక్క, అంటే ఎంత జీతమున్నా నెలకు 1,250 రూపాయలే. పెన్షన్ లెక్క కట్టేటప్పుడు ఆ జీతాన్ని సర్వీసు ఏళ్లతో హెచ్చవేసి 70తో భాగిస్తారు. ఇరవై ఏళ్లు చేసినవాడికి బోనస్‌గా రెండేళ్లు కలిపి లెక్కేసినా 15,000 మీద వచ్చేది సుమారు 4,714. ముప్పై వేల బేసిక్ తీసుకున్న మేనేజరుకైనా ఇంతే. కనీస పెన్షన్ వెయ్యి రూపాయలన్నారు 2014లో, ఇంకా ఆ వెయ్యే. ప్రభుత్వ ఉద్యోగులకు జనవరిలో, జూలైలో డీఏ (కరువు భత్యం) లెక్క చూస్తారు, ఈ పెన్షన్‌కు డీఏ అన్న ఊసే లేదు. మన రాష్ట్రంలో వృద్ధులకు 2024 జూలై నుంచి నెలకు 4,000 ఇస్తున్నారు, అది ఇవ్వాల్సిందే, దాన్ని తప్పుపట్టే పని ఎవరూ చేయకూడదు. నేనడిగేది ఒక్కటే, జీవితమంతా తన పేరుమీద పెన్షన్ ఫండుకు డబ్బు కట్టించుకున్న మనిషికి అందులో పావు వంతు ఇచ్చి చాలనడం ఏం న్యాయం?

పరిమితి పెంచితే చిన్న యజమానులు మునిగిపోతారనే వాదన ఉంది. వాళ్ల మధ్యే పనిచేస్తున్నాను కాబట్టి వాళ్ల ఇబ్బంది నాకు తెలుసు, సీజన్ లేని నెలల్లో రూములు ఖాళీగా ఉంటే కరెంటు బిల్లు కట్టడానికే కష్టం. కానీ 2019 జూలైలో ఈఎస్ఐలో యజమాని వాటాను 4.75 నుంచి 3.25 శాతానికి తగ్గించారు. ఆ తగ్గింపు ఇప్పటికీ వాళ్ల చేతిలోనే ఉంది, పరిమితి మాత్రం కదల్లేదు. పైగా ఈఎస్ఐ పోయిన ఉద్యోగి జబ్బు చేస్తే వచ్చి అడ్వాన్సు అడిగేది ఓనరునే కదా! మంచి ఓనర్లు ఇస్తారు, తర్వాత జీతంలో కోసుకోలేక వదిలేస్తారు. దానికంటే నెలకు ఆరేడు వందలు కట్టడమే నయమని నాతో ఒప్పుకున్నవాళ్లు ఉన్నారు.

పాత పీఎఫ్, ఈఎస్ఐ చట్టాలను కలిపిన కొత్త సామాజిక భద్రత కోడ్ 2025 నవంబరు 21న అమల్లోకి వచ్చింది. అందులో మంచి విషయాలు లేకపోలేదు. మొత్తం జీతంలో కనీసం సగాన్ని వేతనంగా లెక్కలోకి తీసుకోవాలన్నారు, దీంతో బేసిక్ ఐదారు వేలు చూపించి మిగతాదంతా అలవెన్సుల కింద రాసే పాత అలవాటుకు అడ్డుకట్ట పడుతుంది. నిర్ణీత కాలానికి తీసుకున్నవాళ్లకు గ్రాట్యుటీ కోసం ఐదేళ్లు ఆగక్కర్లేదు, ఏడాదికే వస్తుంది. కానీ పరిమితులు ఎంతుండాలనేది మాత్రం కేంద్రం నోటిఫికేషన్‌కు వదిలేశారు. అంటే పార్లమెంటులో బిల్లు అక్కర్లేదు, ఒక నోటిఫికేషన్ చాలు. ఒకసారి పెంచి మళ్లీ పదేళ్లు మరిచిపోయే పద్ధతి కూడా వద్దు, డీఏ లాగే ధరల సూచీతో ముడిపెట్టి ఏటా దానంతట అదే పెరిగేలా రాయాలి. అలా రాస్తే ఐదు వందల ఇంక్రిమెంటుకు భయపడే అవసరం ఎవరికీ ఉండదు.

కాంట్రాక్టర్ల గురించి కూడా ఒక ముక్క. హౌస్‌కీపింగ్, సెక్యూరిటీ చాలా చోట్ల ఏజెన్సీల చేతిలో ఉన్నాయి. జీతంలో పీఎఫ్ కోస్తారు, ఖాతాలో పడదు. నాకు తెలిసిన ఒక ఏజెన్సీ దగ్గర పనిచేసిన ఆడవాళ్లు ఉమంగ్ యాప్‌లో పాస్‌బుక్ తెరిచి చూసేదాకా నెలల తరబడి ఏమీ జమ కాలేదని వాళ్లకు తెలియదు. కాంట్రాక్టరు కట్టకపోతే పని చేయించుకున్న అసలు యజమాని కట్టాలని చట్టంలో ఉంది, ఆ మాట ఆ అక్కలకు ఎవరూ చెప్పలేదు. ఫోన్‌లో రీల్స్ చూసే పిల్లలు ఇంట్లో ఉంటే నెలకోసారి అమ్మ పాస్‌బుక్ కూడా తెరిచి చూపించమని నా మనవి.

పరిమితి పెరిగేదాకా ఆగలేనివాళ్లకు ఒక దారి ఉంది, లాడ్జీ, హోటల్ యజమానులు దయచేసి గమనించండి. ఈఎస్ఐ లెక్కలు ఏప్రిల్ నుంచి సెప్టెంబరు, అక్టోబరు నుంచి మార్చి, ఇలా ఆరేసి నెలలుగా నడుస్తాయి. ఆ ఆరు నెలలు మొదలయ్యాక జీతం 21,000 దాటితే ఆ అర్ధభాగం అయ్యేదాకా మనిషి స్కీములోనే ఉంటాడు. మనవాళ్లు సరిగ్గా ఏప్రిల్ ఒకటినుంచే పెంచుతారు, దాంతో మొదటి రోజే బయటికి. అలా పోయినవాడికి సదుపాయాలు డిసెంబరు 31 దాకా వస్తాయి. అదే ఇంక్రిమెంటు మే నుంచి ఇస్తే సెప్టెంబరు దాకా చందా కడతాడు, మరుసటి జూన్ 30 దాకా సదుపాయాలు ఉంటాయి. ఒక్క నెల జరిపితే ఆ కుటుంబానికి ఆరు నెలలు కలిసొస్తాయి, ఓనరుకు నెలకు ఏడు వందల లోపు ఖర్చు. ఆ ఒక్క నెల పెంపు పోతుందని మనసుకు కష్టంగా ఉంటే మేలో బోనస్‌గా ఇచ్చేయండి. పరిమితి దాటిపోయిన పాత ఉద్యోగులకు తల్లిదండ్రులను కూడా కలిపి గ్రూప్ ఇన్సూరెన్స్ తీసుకోండి, ఒక్కొక్కరు విడివిడిగా కొనుక్కునేదానికంటే తక్కువలో వస్తుంది.

పైన చెప్పిన సూపర్‌వైజరు ఇంక్రిమెంటును మే నెలకు మార్చమని వాళ్ల ఓనరుకు చెప్పాను, సరేనన్నాడు. వచ్చే అక్టోబరు నుంచి అతను ఎలాగూ బయటికి పోవాల్సిందే. ఈలోగా తిరుపతి, చిత్తూరు ఎంపీలు ఇద్దరూ ఈ రెండు పరిమితుల గురించి కార్మిక మంత్రిని లోక్‌సభలో అడగాలని మీ పత్రిక ద్వారా కోరుతున్నాను.

ఇట్లు,
ఒక అకౌంటెంట్, తిరుపతి